పేరు మనది, డాట్ కామ్ ఎవరిది?

తెనాలిలో శ్రీ వెంకటేశ్వర స్వీట్స్ అని ఒక షాపు ఉందనుకుందాం. బాపట్లలో ఇంకొకటి, రేపల్లెలో మరొకటి. మూడు బోర్డుల మీదా అదే పేరు, అదే స్వామివారి ఫొటో. ముగ్గురికీ ఏ గొడవా లేదు. ఎందుకంటే తెనాలి షాపులో లడ్డూలు కొనాల్సినవాళ్లు పొరపాటున రేపల్లె బండెక్కరు కదా! ఊరికీ ఊరికీ మధ్య ఉన్న దూరమే ముగ్గురినీ కాపాడుతోంది.

ఇప్పుడు ఆ ముగ్గురి పిల్లలూ డిగ్రీలు పూర్తి చేసి, "ఆన్‌లైన్‌లో పెడదాం నాన్నా" అన్నారు. షాపు పేరుకి డాట్ కామ్ తగిలించి కొందామని ఫోన్ తీశారు. ఒక్కళ్లకే దొరుకుతుంది. మిగతా ఇద్దరికీ "ఈ పేరు అందుబాటులో లేదు" అని ఎర్రక్షరాలు కనిపిస్తాయి. మరి ఎవరికి దొరుకుతుంది? అందరికంటే పాత షాపుకా? ఎక్కువ పేరున్న షాపుకా? అదేం లేదు. ముందు ఎవరు డబ్బు కడితే వాళ్లకి. అసలు ఈ ముగ్గురికీ కాకుండా, ఏ న్యూజెర్సీలోనో ఉన్న నాలుగో ఆయనకి ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు కూడా.

ఈ వారం మాట్లాడుకునేది ఈ పేర్ల గొడవ గురించే. ఇన్‌స్టాలో చీరలు, వాట్సాప్‌లో పచ్చళ్లు అమ్ముతున్నవాళ్లు, ఊరి పేరుతో యూట్యూబ్ చానల్ నడుపుతున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఇవాళ కాకపోతే రేపు సొంత వెబ్‌సైట్ పెడతారు. అందుకని ముందే తెలుసుకోవడం మంచిది.

మొదటి సంగతి. డొమైన్ "కొన్నాం" అంటాం గానీ, నిజానికి అది అద్దె. డాట్ కామ్ అయితే ఏడాదికి వెయ్యి రూపాయలు అటూఇటూగా కట్టాలి. ఒకేసారి పదేళ్లకి కూడా కట్టొచ్చు, అంతకంటే ఎక్కువ కాలానికి ఇవ్వరు. అద్దె కడుతున్నంతకాలం మీది. మానేస్తే?

మానేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి తెనాలివాళ్ల కథే ఒకటుంది. చందమామ పేరు వినే ఉంటారు. వినకపోతే ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, ఓ గంటసేపు చెప్తారు. 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైన పిల్లల పత్రిక అది. పెట్టింది బి. నాగిరెడ్డి, చక్రపాణి. ఈ చక్రపాణిగారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, తెనాలి ఐతానగరం మనిషి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది కూడా తెనాలిలోనే. పత్రిక మద్రాసులో అచ్చయ్యేది గానీ, అందులో పిల్లలకి కథ చెప్పిన గొంతు మాత్రం తెనాలిదే. పదికి పైగా భాషల్లోకి వెళ్లింది. దేశంలో ఏ మూలకి వెళ్లినా విక్రమార్కుడు, భేతాళుడు అంటే ఆ పత్రికే గుర్తొచ్చేంత పేరు.

2007లో జియోడెసిక్ అనే ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ చందమామను కొన్నది. పాత సంచికలు స్కాన్ చేసి చందమామ డాట్ కామ్‌లో పెట్టారు. పెట్టెల్లో చెదలు పట్టిపోయిన సంచికలు ఫోన్లోకి వచ్చేశాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకైతే పండగే. ఆ తర్వాత ఆ కంపెనీ ఆర్థికంగా కుప్పకూలింది. 2013 నాటికి పత్రిక ఆగిపోయింది, చందాదారులకి ఒక్క మాటైనా చెప్పకుండా. 2016 జులైలో వెబ్‌సైట్ పేరు కూడా గడువు తీరి చేజారిపోయింది.

చూడండి, ఇక్కడ దొంగ ఎవరూ లేరు. ఎవరూ హ్యాక్ చేయలేదు, ఎవరూ కబ్జా చేయలేదు. అరవై ఏళ్లకి పైగా ఊరూరా తిరిగి సంపాదించుకున్న పేరుకి ఏడాదికి ఓ రెండు పిజ్జాలంత అద్దె కట్టే నాథుడు లేకపోయాడు, అంతే. చందమామ అనే బ్రాండు, కథల మీద హక్కులు, బొమ్మల మీద హక్కులు కంపెనీ ఆస్తుల లెక్కలో ఉంటాయి. కంపెనీ మూతపడితే వాటి సంగతి కోర్టు తేలుస్తుంది, ఏళ్లు పట్టినా సరే. డొమైన్ మాత్రం కోర్టు వాయిదా కోసం ఆగదు.

డాట్ కామ్ గడువు తీరిన రోజే పేరు పోదు లెండి. రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకూ మామూలు ఫీజుతోనే తిరిగి తీసుకునే వీలుంటుంది. అది కూడా దాటితే ఇంకో 30 రోజులు, కాకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు నుంచి ఎవరిదైనా. మంచి పేర్లు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని కాచుకుని కూర్చునే ప్రోగ్రాములు ఉంటాయి. మీరు నిద్రలేచి చూసేసరికి అవి పని కానిచ్చేస్తాయి.

"మా పేరుకి ట్రేడ్‌మార్క్ ఉంది కదా, డొమైన్ మాకే రావాలి కదా" అంటారా? ఇక్కడే అసలు చిక్కు. ఈ రెండూ రెండు వేరు వేరు ప్రపంచాలు. ట్రేడ్‌మార్క్ ఏ దేశానికి ఆ దేశంలో వేరు. ఒకే దేశంలో కూడా సరుకుని బట్టి వేరు. మొత్తం 45 క్లాసులుంటాయి. నగలు 14వ క్లాసు, బట్టలు 25వ క్లాసు. ఒకే పేరు నగలకి ఒకాయన దగ్గర, చొక్కాలకి ఇంకొకాయన దగ్గర చట్టప్రకారమే ఉండొచ్చు. డొమైన్‌కి దేశం లేదు, క్లాసు లేదు. ఒక పేరుకి ప్రపంచం మొత్తానికి డాట్ కామ్ ఒక్కటే. 45 గదుల ఇంటికి ఒకటే వీధి తలుపు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ చిక్కుముడి మీద మన సుప్రీంకోర్టు 2004 మే 6న చెప్పిన తీర్పే ఇప్పటికీ అందరికీ దిక్కు. అందులో ఒక పక్షం మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ నుంచి పుట్టిన సత్యం ఇన్ఫోవే. 1999లో అమెరికా నాస్‌డాక్‌లో నమోదైన మొదటి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అదే. సత్యంలోంచి కొన్ని అక్షరాలు, ఇన్ఫోవేలోంచి కొన్ని అక్షరాలు తీసి "సిఫీ" అని పేరు తయారు చేసుకుని, 1999లోనే సిఫీ పేరుతో కొన్ని డొమైన్లు తీసుకుంది. 2001లో ఇంకో కంపెనీ వచ్చి అదే పేరులో ఒక ఎఫ్ ఎక్కువ పెట్టి సిఫ్ఫీనెట్ అని డొమైన్ పెట్టుకుంది. ఇదేంటయ్యా అంటే, మా ప్రమోటర్లు అయిదుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే ఈ మాట వచ్చింది, మాకు సత్యం సంగతి తెలియదు అన్నారు. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం వైపు, కర్ణాటక హైకోర్టు అవతలివాళ్ల వైపు మొగ్గాయి. సుప్రీంకోర్టు ఆ అయిదు అక్షరాల కథను నమ్మలేదు.

మనకి ఆ తీర్పులో పనికొచ్చే ముక్క ఒకటుంది. డొమైన్ పేర్ల కోసం మన దేశంలో ప్రత్యేకంగా చట్టం లేకపోయినా, వ్యాపారానికి గుర్తుగా వాడుతున్న డొమైన్‌కి ట్రేడ్‌మార్క్‌కి ఉండే రక్షణే ఉంటుందని కోర్టు చెప్పింది. ఒకరి పేరు చెప్పుకుని ఇంకొకరు సరుకు అమ్ముకోవడాన్ని మన చట్టం ఒప్పుకోదు. ఆ పేరు రిజిస్టర్ అయ్యుండక్కర్లేదు. ముందు నుంచి వాడుతున్నామని, జనం ఆ పేరుతో మనల్ని గుర్తుపడుతున్నారని చూపించగలిగితే చాలు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే అమ్మాయికి ఇంతకంటే ధైర్యం ఇచ్చే మాట లేదు. అంచేత పాత బిల్లులు, కొరియర్ రసీదులు, మొదటి ఇన్‌స్టా పోస్టు, డబ్బాల మీద అంటించిన లేబుల్ డిజైన్ లాంటివి తేదీలతో సహా దాచుకోండి. రేపు ఎవరైనా వచ్చి ఈ పేరు మాదంటే మాట్లాడేవి అవే.

రిజిస్టర్ చేయించుకోవడం అంత భారమూ కాదు. ఒక్కరే నడిపే వ్యాపారానికో చిన్న సంస్థకో ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి 4,500 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది గానీ, దరఖాస్తుకి చెన్నై పోనక్కర్లేదు. ఒకసారి వస్తే పదేళ్లు.

ఇంకో తెలుగు కేసు చెప్పకుండా ఉండలేను. బెంగళూరు అగరబత్తీల కంపెనీ ఒకటి "ఈనాడు" పేరుతో ఊదొత్తులు అమ్మింది. 1974 నుంచి ఈనాడు పత్రిక నడుస్తున్న సంగతి తెలిసిందే. కన్నడంలో ఆ మాటకి "ఈ నేల" అని అర్థమనీ, ఎవరైనా వాడుకోవచ్చనీ కంపెనీ వాదన. నిజమే, మాట అమాయకమైనదే. కానీ తెలుగువాడు కొట్లో ఆ పేరు చూస్తే గుర్తొచ్చేది పొద్దున్నే గుమ్మంలో పడే పేపరు కదా! 2011 మార్చిలో సుప్రీంకోర్టు పత్రిక వైపే నిలబడింది. పత్రికకీ ఊదొత్తులకీ ఏ సంబంధం లేకపోయినా, పేరుకున్న పలుకుబడిని ఇంకొకరు వాడుకోకూడదంది. ఇది డొమైన్ కేసు కాదు గానీ, మామూలు మాటని పేరుగా పెట్టుకుంటే ఎంత పోట్లాడాలో అర్థమవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సరే, పెద్దవాళ్ల పేరు ముందుగా మనమే కొనేసి, తర్వాత వాళ్లకే అమ్మితే? ఈ ఆలోచన రానివాళ్లు ఎవరున్నారు! 2024 అక్టోబర్‌లో మీ ఫీడ్ అంతా నిండిపోయిన జియోహాట్‌స్టార్ కథ గుర్తుందా? రెండు కంపెనీలూ కలుస్తాయని ముందే ఊహించిన ఢిల్లీ కుర్రాడు ఒకడు 2023లోనే ఆ పేరుతో డాట్ కామ్ తీసుకున్నాడు. విలీనం ఖాయం కాగానే, నా కేంబ్రిడ్జ్ చదువుకి ఫీజు కడితే ఇచ్చేస్తానని రిలయన్స్‌కి ఆ సైట్ మీదే ఉత్తరం పెట్టాడు. సోషల్ మీడియాలో సగంమంది చప్పట్లు కొట్టారు. వాళ్లు ఒప్పుకోలేదు, కోర్టుకి వెళ్తామన్నారని అతనే రాశాడు. ఆ డొమైన్ తర్వాత దుబాయ్‌లో ఉండే అన్నాచెల్లెళ్ల చేతికి వెళ్లడం, వాళ్లు ఊరికే ఇచ్చేస్తామనడం, 2025 ఫిబ్రవరిలో అదే పేరుతో యాప్ రావడం మీకు తెలిసిందే.

తెలివైన ఊహే, కాదనను. కానీ చట్టం దృష్టిలో ఆ ఉత్తరమే ఇబ్బంది. డాట్ కామ్ లాంటి పేర్ల తగాదాలు తీర్చడానికి 1999 నుంచి ప్రపంచమంతటికీ కలిపి ఒక పద్ధతి ఉంది. జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ లాంటివి ఆ పంచాయతీ చేస్తాయి. పేరు లాక్కోవాలంటే అడిగినవాళ్లు మూడు విషయాలు రుజువు చేయాలి. ఈ పేరు మా ట్రేడ్‌మార్క్‌లా ఉంది, అతనికి దీంతో న్యాయమైన పనేమీ లేదు, తీసుకున్నదీ వాడుతున్నదీ దురుద్దేశంతోనే. మూడూ ఉండాలి, ఒక్కటి తగ్గినా కుదరదు. ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకే, పెట్టిన ఖర్చుకి మించి అమ్ముకుందామని తీసుకుంటే దురుద్దేశం ఉన్నట్టేనని ఆ నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది. 2003లో మైక్ రో అనే కెనడా కుర్రాడు తన పేరు కలిసొచ్చేలా మైక్‌రోసాఫ్ట్ డాట్ కామ్ పెట్టుకుంటే, మైక్రోసాఫ్ట్ కంపెనీ 10 డాలర్లిస్తాం ఇచ్చెయ్యమంది. వళ్లు మండి పదివేలు అడిగాడు. ఆ అడగడాన్నే వాళ్లు సాక్ష్యంగా చూపించారు. జనం ఆ పిల్లాడి వైపు తిరగబడ్డాక గేమ్ బాక్సూ గట్రా ఇచ్చి రాజీ పడ్డారనుకోండి.

నా లెక్కలో ఆ కెనడా కుర్రాడు వేరు, జియో కుర్రాడు వేరు. ఒకడు తన పేరు వాడుకున్నాడు, ఇంకొకడు ఎదుటివాడి పేరు ఊహించాడు. పెద్ద కంపెనీ ఉత్తరం రాస్తే ఈ తేడా చూడకుండా భయపడి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. భయపడక్కర్లేదు. మన ట్రేడ్‌మార్క్ చట్టంలో 35వ సెక్షన్ సొంత పేరు నిజాయితీగా వాడుకునేవాళ్లకి అండగా ఉంటుంది. ఆధారం లేని బెదిరింపు నోటీసులు పంపితే తిరిగి కోర్టుకి వెళ్లడానికి 142వ సెక్షన్ ఉంది. అమెరికాలో ఉజీ నిస్సాన్ అనే ఆయన ఇంటిపేరుతో 1994లో డొమైన్ తీసుకుంటే, కార్ల కంపెనీ 1999లో కోటి డాలర్లకి దావా వేసింది. ఏళ్ల తరబడి కొట్లాడి పేరు నిలబెట్టుకున్నాడు. 2020లో చనిపోయేదాకా ఆ వెబ్‌సైట్ ఆయనదే. గెలిచాడు సరే, ఆ పోరాటానికి అయిన ఖర్చు తల్చుకుంటే మాత్రం మన కొట్ల ఓనర్లెవరూ ఆ దారి పట్టరు.

మరి ఊరి పేరు ఎవరిది? తెనాలి అనే మాట మీద ఎవరికైనా హక్కుంటుందా? ఊరి పేరు ఒక్కదాన్నే ట్రేడ్‌మార్క్‌గా మామూలుగా ఇవ్వరు, మన చట్టంలో 9వ సెక్షన్ అదే చెప్తుంది. డొమైన్‌కి ఆ అడ్డం లేదు. ఆంధ్రా ప్యారిస్ అని మురిసిపోయే మన తెనాలి సంగతి తర్వాత, బార్సిలోనా అంతటి నగరానికే పరాభవం జరిగింది. ఓ భార్యాభర్తల కంపెనీ దగ్గరున్న బార్సిలోనా డాట్ కామ్ మాకివ్వాలని నగరపాలక సంస్థ జెనీవా దాకా వెళ్లి గెలిచింది. ఆ భార్యాభర్తలు అమెరికా కోర్టుకెళ్లారు. ఊరి పేరు ఊరి పేరే, అది ట్రేడ్‌మార్క్ కాదని 2003లో అప్పీల్ కోర్టు వాళ్లకే ఇచ్చింది. ఫ్రాన్సులో షాంపేన్ ద్రాక్ష రైతుల సంఘానిదీ ఇదే అనుభవం. భౌగోళిక గుర్తింపు ఉన్నంత మాత్రాన డొమైన్ ఇవ్వడం కుదరదన్నారు. అంటే మన గుంటూరు సన్నం మిరపకి ఆ గుర్తింపు ఉన్నా, డాట్ కామ్ దగ్గరికొస్తే దాని బలం అంతంతమాత్రమే. డాట్ ఇన్ పేర్లకి మన దేశం పెట్టుకున్న నియమాల్లో ట్రేడ్‌మార్క్‌తో పాటు "పేరు" అనే మాట కూడా ఉంది కాబట్టి, అక్కడ వాదించుకోవడానికి కొంచెం ఎక్కువ చోటు దొరుకుతుంది.

బాపట్ల సంగతి మరీ విచిత్రం. 1986లో బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204 వచ్చింది. అదే సాంబ మసూరి. ఆ మూడక్షరాలు బాపట్ల అనే మాటే. తమిళనాడుకి వెళ్లినా, కర్ణాటకకి వెళ్లినా బియ్యం బస్తా మీద బీపీటీ అని కనిపిస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరూ సొంతం చేసుకోలేరు. రైతుకి విత్తనం అందాలంటే అలా ఉండటమే న్యాయం. కాకపోతే ఆ మూడక్షరాల వెనక ఓ ఊరుందని బస్తా కొన్నవాడికి తెలిసే దారి లేదు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె కూడా అందులోకి వచ్చినప్పుడు జిల్లా వెబ్‌సైట్ పేరుకి ఏ తగాదా రాలేదు. గవ్ డాట్ ఇన్ అనే చివర ప్రభుత్వాలకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు కాబట్టి. ఆ సుఖం మనలాంటివాళ్లకి లేదు.

ఇంతకీ ఈ రూల్స్ రాసేది ఎవరు? ఐకాన్ అనే సంస్థ. 1998లో కాలిఫోర్నియాలో పుట్టింది, లాభాల కోసం నడిచేది కాదు. 2012లో ఈ సంస్థ డాట్ కామ్ లాంటి కొత్త చివర్లు ఎవరైనా పెట్టుకోవచ్చని తలుపులు తెరిచింది. ఒక్కో దరఖాస్తుకి ఫీజు 1,85,000 డాలర్లు. మొత్తం 1,930 దరఖాస్తులొచ్చాయి. గూగుల్ ఒక్కటే 101 వేసింది, అమెజాన్ 76. ఆఫ్రికా ఖండం మొత్తం నుంచి వచ్చినవి 17. తలుపు అందరికీ తెరిచే ఉంది, లోపలికి నడిచింది మాత్రం ఎవరో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. డాట్ అమెజాన్ కోసం కంపెనీ ఒక పక్క, ఆ నది పారే బ్రెజిల్, పెరూ దేశాలు ఇంకో పక్క ఏళ్లపాటు పెనుగులాడాయి. ఆ నది పేరు చివరికి 2019లో కంపెనీకే దక్కింది. 2026 విడతకి ఫీజు ఇంకా పెరిగి 2,27,000 డాలర్లయింది. పేద సంస్థలకి రాయితీ ఇస్తామంటున్నారు, అది మంచిదే.

ఇంకోటి. ఇలా కొత్త చివర వచ్చిన ప్రతిసారీ, మామూలు జనానికి తెరవకముందు కనీసం 30 రోజులపాటు ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకి ముందు వరస టికెట్లు ఇస్తారు. దొంగ సైట్లు రాకుండా ఉండటానికి ఇది అవసరమే. కాకపోతే ఆ వరసలో నిలబడాలంటే వాళ్ల జాబితాలో ట్రేడ్‌మార్క్‌ని ఫీజు కట్టి నమోదు చేసుకోవాలి. పండ్ల పేరో పూల పేరో బ్రాండుగా పెట్టుకున్న విదేశీ కంపెనీ ముందు నిలబడుతుంది, నిజంగా ఆ పండ్లు పండించే మన తోట రైతు దాని వెనక నిలబడతాడు. ఈ పద్ధతి నాకు నచ్చదు. మామూలు మాటలకైనా ఆ ముందు వరస తీసేయాలి.

హైదరాబాద్‌లో ఈ చర్చ రెండుసార్లు జరిగింది. 2008 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ సదస్సు "అందరికీ ఇంటర్నెట్" అనే పేరుతో అక్కడే పెట్టారు. 2016 నవంబర్‌లో ఐకాన్ సమావేశం కూడా అక్కడే. అది ముగిసే ముందు రోజు రాత్రే పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. ప్రపంచమంతా నుంచి వచ్చిన ప్రతినిధులు జేబులో అయిదొందల నోట్లతో ఏం తిప్పలు పడ్డారో మరి!

అందరికీ అన్నాక మన అక్షరాల సంగతేంటి? ఇది నాకు మిగతా అన్నిటికంటే ముఖ్యం. మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక పద్ధతంటూ లేదు. తెనాలిలో టీ పక్కన హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. రేపల్లె చివర ఈ రాసేవాళ్లు కొందరు, ఐ రాసేవాళ్లు కొందరు. ఇక పచ్చళ్లు అనే మాట రాసి చూడండి. సీ ఒకటా రెండా, హెచ్ ఒకచోటా రెండుచోట్లా, ఎల్ ఎన్ని? సులువుగా నాలుగైదు రకాలు వస్తాయి. ప్రతి రకమూ ఒక వేరే డొమైన్, ప్రతిదానికీ వేరే అద్దె. అన్నీ కొనలేం. మనం వదిలేసిన స్పెల్లింగ్‌లో ఎవరైనా నకిలీ సైట్ పెట్టి డబ్బు గుంజితే కస్టమర్ తిట్టేది మనల్నే. ఇంగ్లీషువాడికి ఈ బాధ ఇంతగా లేదు, వాడి మాటకి స్పెల్లింగ్ ఒకటే కాబట్టి.

దీనికి మందు ఉంది. తెలుగు లిపిలో డాట్ భారత్ 2011లోనే ఇంటర్నెట్ అసలు జాబితాలో చేరింది. ఇప్పుడు భారత్ అనే చివర 15 రకాలుగా, 22 భాషలకి సరిపడేలా ఉంది. 2021 జనవరి ఆఖరుదాకా డాట్ ఇన్ కొన్నవాళ్లకి ఊరికే కూడా ఇచ్చారు. అయినా మీరు చివరిసారిగా తెలుగు అక్షరాల్లో ఉన్న వెబ్‌సైట్ అడ్రస్ టైప్ చేసింది ఎప్పుడు? చాలా ఫారాలు అలాంటి అడ్రస్‌ని తప్పు అని తిప్పికొడతాయి. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఒక్కోసారి అర్థం కాని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారిపోతుంది. దానికితోడు మన లిపికీ కన్నడ లిపికీ ఒకేలా కనిపించే అక్షరాలున్నాయి, వాటితో మోసం జరగకుండా ఐకాన్ కోసం తెలుగు నియమాలు రాసిన నిపుణులు ప్రత్యేకంగా కట్టుబాట్లు పెట్టాల్సి వచ్చింది. పచ్చళ్లుకి ళ్లు రాయాలా ళ్ళు రాయాలా అని మనలో మనకే గొడవ ఉందనుకోండి, అయినా నాలుగైదు రకాల కంటే రెండు నయం కదా. ఊరి పేరు పెట్టుకుని తెలుగులోనే వ్యాపారం చేసేవాళ్లు డాట్ కామ్‌తో పాటు ఒక తెలుగు డాట్ భారత్ కూడా తీసుకుని పెట్టుకోమంటాను. ఇప్పుడు ఉపయోగం తక్కువే. కానీ మీ పేరు మీ అక్షరాల్లో మీ దగ్గరే ఉంటుంది.

చివరిగా ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. ఇప్పటికే వెబ్‌సైట్ ఉన్నవాళ్లు డొమైన్ రికార్డు తీయించి చూడండి. చిన్న ఊళ్లలో తరచుగా జరిగేది ఒకటుంది. వెబ్‌సైట్ చేసిపెట్టిన అబ్బాయే డొమైన్ కూడా తన అకౌంట్లో, తన మెయిల్‌తో తీసేస్తాడు. దురుద్దేశమేమీ ఉండదు, ఓటీపీలు త్వరగా వస్తాయని. షాపు మీది, సరుకు మీది, డబ్బు కట్టిందీ మీరే. రికార్డులో ఓనర్ మాత్రం అతను. రెన్యువల్ మెయిల్ వెళ్లేది కూడా అతనికే. కాబట్టి ఓనర్ పేరు దగ్గర మీ పేరు, మీరు రోజూ చూసే మెయిల్, మీ ఫోన్ నంబర్ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే, ఆ అబ్బాయి బెంగళూరు బండెక్కకముందే మార్పించుకోండి.